పాట వదిలేయండి, మధ్యలో మాట పట్టుకోండి

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్‌లో రేడియో ఎలా రికార్డు చేసుకోవాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అందరూ చెప్పేది దాదాపు ఒకటే. సిగ్నల్ బాగా అందే చోటు చూసుకోండి, నాణ్యత అన్నిటికన్నా పైమెట్టులో పెట్టండి, ప్రకటనలు కోసేయండి, పాటకు పేరు పెట్టి దాచుకోండి. నేను చెప్పేవి వీటికి ఎదురు వెళ్తాయి. ఇవి తప్పుడు సలహాలని నా ముఖం మీదే అన్నవాళ్ళున్నారు. అయినా ఇవే చెబుతాను. రేడియోలో వచ్చినవాటిలో ఏది ఎలాగూ మిగులుతుందో, ఏది ఆ పూటే పోతుందో వాళ్ళ సలహాలు పట్టించుకోవు కాబట్టి.

ముందుగా, పాటలు రికార్డు చేయకండి. ఘంటసాల పాట కావాలంటే ఇవాళ ఫోనులో నిమిషంలో దొరుకుతుంది, అదీ రేడియోలో వచ్చేదానికంటే శుభ్రంగా. అరుదైన పాత పాటలను కూడా ఎవరో ఒకరు దాచి ఉంచారు. దొరకనిది పాటకూ పాటకూ మధ్య మాట. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై పేరు చెబితే ఇప్పటికీ కదిలిపోయే పెద్దవాళ్ళున్నారు. ఆవిడ వేసిన పాటలు చాలావరకు మన దగ్గరున్నాయి. పాటకు ముందు ఆవిడ అన్న నాలుగు ముక్కలు ఎంతమంది దగ్గరున్నాయి? ఆ రోజుల్లో టేపు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాట మొదలవగానే ఆపేసేవాళ్ళు, టేపు దండగని. దాచుకోవలసింది వదిలేసి, దాచుకోకపోయినా మిగిలేదాన్ని దాచారు.

ప్లేయర్ చేతిలో ఉన్న మనకు టేపు ఖర్చు లేదు. అయినా వేలు అదే అలవాటుతో అనౌన్సరు గొంతు వినగానే ఆపు బొత్తాం మీదికి పోతుంది. ఆ అలవాటు తిరగేయండి. పాట మొదలైతే ఆపాలనిపించినా ఫరవాలేదు కానీ, మాట మొదలైతే మాత్రం నడవనివ్వండి. కోరిన పాటల కార్యక్రమంలో చదివే పేర్లున్నాయి చూడండి, ఫలానా ఊరి నుంచి ఫలానావాళ్ళు, వాళ్ళ స్నేహితులు, ఇంట్లో పిల్లలు అంటూ సాగేవి, వాటికి మించిన సంపద నాకు రేడియోలో కనిపించదు. ఝార్ఖండ్‌లో అభ్రకం గనుల పక్కనున్న ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు దేశమంతా తెలిసింది ఇలాంటి ఉత్తరాల వల్లే. మన జిల్లాల్లోనూ అలా రేడియోలో తప్ప ఇంకెక్కడా పేరు వినపడని ఊళ్ళు వందలున్నాయి. ఏ పల్లె పిల్లలు ఏ సంవత్సరం ఏ పాట అడిగారో, ఆ పల్లె పేరును అనౌన్సరు ఎలా పలికారో పత్రికల్లో రాదు, గెజిటీరులో ఉండదు. మీరు పట్టుకుంటేనే ఉంటుంది.

ప్రకటనలూ అంతే. వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూర్‌ల నుంచి మొదలయ్యాయి. తర్వాత మన కేంద్రాలకూ వచ్చాయి. చీరల దుకాణం, పళ్ళపొడి, పురుగుల మందు, వాటి వెనక చిన్న సంగీతం ముక్క. ఒక ఊళ్ళో జనం ఆ ఏడు ఏం కొన్నారో, ఏ మాటలకు పడ్డారో తెలియాలంటే వీటికంటే సూటి సాక్ష్యం లేదు. ఇప్పటి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ల ప్రకటనలను అందరూ విసుక్కుంటారు. నేనైతే వాటిని కోసి పారేసేవాళ్ళ మీద విసుక్కుంటాను. బంగారం కొట్టు ప్రకటనలో చెప్పే తరుగు, మజూరీల లెక్క ఇరవై ఏళ్ళ తర్వాత వినండి, ఆర్థిక శాస్త్రం పుస్తకం ఇవ్వని రుచి అందులో ఉంటుంది.

ప్రసారం మధ్యలో తెగిపోతే చాలామంది ఆ రికార్డింగు చెరిపేస్తారు. చెరపకండి. పాట ఠక్కున ఆగుతుంది, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఎవరో నెమ్మదిగా అంతరాయానికి చింతిస్తున్నామంటారు, మళ్ళీ పాట మధ్యలోంచి వస్తుంది. ఆ నిశ్శబ్దం వెనక స్టూడియోలో ఒక మనిషి కంగారుగా కదిలాడు. ఆ మనిషి పని చేసిన చప్పుడంటూ మనకు దొరికేది అదొక్కటే.

ఇక ఆపకుండా రికార్డు చేయడం గురించి. అమెరికాలో డీన్ బెనెడెట్టి అనే శాక్సఫోన్ కళాకారుడు ఉండేవాడు. జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వాయిద్యమంటే అతనికి ప్రాణం. 1947లో లాస్ ఏంజెలెస్ క్లబ్బులో, 1948లో న్యూయార్క్ క్లబ్బుల్లో యంత్రం పెట్టుకు కూర్చుని పార్కర్ వాయిస్తున్నప్పుడు రికార్డు చేశాడు. పార్కర్ ఆగి పక్కవాళ్ళు అందుకోగానే యంత్రం ఆపేశాడు, మళ్ళీ పార్కర్ మొదలెడితే తిప్పాడు. ఆ రికార్డింగులు పోయాయనే అందరూ చాలాకాలం అనుకున్నారు. దొరికి, 1990లో పెట్టెగా వెలువడ్డాయి. వినేవాడికి పార్కర్ కనబడతాడు కానీ, పక్కన వాయించినవాళ్ళు సగంలో తెగిపోతారు. పార్కర్ ఏ మాటకు బదులుగా ఆ స్వరం ఎత్తుకున్నాడో తెలియదు. బెనెడెట్టిని తప్పుపట్టను. ఆయన దగ్గరున్న డిస్కులకూ టేపుకూ అంతే వెసులుబాటు. మన ప్లేయర్లకు అలాంటి ఇబ్బంది లేదు కదా, మరి మనమెందుకు తెంచుకుంటూ పోవాలి?

లెక్క చూడండి. సలహాలిచ్చేవాళ్ళు నాణ్యత పైమెట్టులో పెట్టమంటారు. వేవ్ ఫైలుగా, స్టీరియోలో, సీడీతో సమానంగా రికార్డు చేస్తే గంటకు దాదాపు 635 ఎంబీ పడుతుంది. 8 జీబీ ప్లేయర్ పన్నెండు గంటలకు నిండిపోతుంది. అదే ఎంపీ3గా 64 కేబీపీఎస్‌లో, మోనోలో పెడితే గంటకు 29 ఎంబీ కూడా పట్టదు. అదే ప్లేయర్‌లో పదకొండు రోజులకు పైగా, రాత్రీ పగలూ కలిపి, రికార్డు చేయవచ్చు. అందుకే అంటున్నాను, నాణ్యత తగ్గించండి. ఎఫ్‌ఎంలో వచ్చే శబ్దమే 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, సీడీ నాణ్యతలో పట్టినంత మాత్రాన లేనిది రాదు. పైగా స్టీరియో నుంచి మోనోకి మారిస్తే, సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్ళలో వెనక వినపడే సుయ్యిమనే చప్పుడు చాలా తగ్గుతుంది. మనిషి గొంతు పట్టుకోవడానికి 64 చాలు. వీణ కచేరీకి చాలదంటారు, నిజమే. వీణ కచేరీని ఆకాశవాణి తన దగ్గర దాచుకునే అవకాశం ఎక్కువ. మంగళవారం పదకొండు గంటలకు మహిళల కార్యక్రమంలో ఒక గృహిణి చదివిన ఉత్తరాన్ని ఎవరు దాస్తారు? ఒక శుభ్రమైన గంట కంటే కాస్త మసకగా ఉన్న ఒక పూర్తి వారం ఎక్కువ విలువైనదని నా గట్టి నమ్మకం.

ఏ రోజు రికార్డు చేయాలన్నదీ ఇందులోంచే వస్తుంది. ఉగాది కవి సమ్మేళనం, సంక్రాంతి ప్రత్యేక కార్యక్రమాలు, పెద్దవాళ్ళ వర్ధంతి రోజు వచ్చే పాత నాటకాలు వదిలేయండి. వాటికి ఎలాగూ పది మంది కాపు కాస్తారు. ఏమీ లేని రోజు ఎంచుకోండి. పండుగ, సెలవు, ఎన్నికలు, క్రికెట్టు ఏదీ లేని రోజు. ప్రసారం మొదలవడానికి ముందే బొత్తాం నొక్కి పెట్టండి. ఆకాశవాణి సంకేత సంగీతం వస్తుంది. 1930లలో బొంబాయి రేడియోలో పనిచేసిన వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చాడు దాన్ని, నాజీల దెబ్బకు యూరప్ వదిలి వచ్చిన యూదు సంగీతకారుడాయన. శివరంజని ఛాయ ఉన్న ఆ కొద్ది సెకన్లతో మన ఇళ్ళల్లో ఎన్ని తరాలు నిద్ర లేచాయో. ఆ తర్వాత వందేమాతరం, మంగళవాద్యం, భక్తి గీతాలు, ప్రాంతీయ వార్తలు, పొలం కబుర్లు. అలా రాత్రి చివరి వార్తల దాకా తెంచకుండా ఉండనివ్వండి.

మామూలు రోజుకు ఇంత విలువేమిటని అడుగుతారు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన రోజు. ఆ రోజు రేడియో ఏ మాటల్లో హెచ్చరించింది, ఎన్నిసార్లు, ఆ హెచ్చరికకు ముందూ వెనకా ఏ పాట వేసింది? తీరం వెంబడి ఇళ్ళల్లో చివరిసారిగా వినిపించిన గొంతు ఎవరిది? తెలుగునాట చరిత్ర రాసే ఎవరికైనా ఇవి కావలసిన సంగతులే. ఆ రోజు పొద్దున ఏదో ఒక ఇంట్లో అకారణంగా ఒక టేపు తిరిగి ఉంటే ఎంత బాగుండేది. ముఖ్యమైన రోజు తెల్లవారేటప్పుడు ముఖ్యమైన రోజని చెప్పదు. విశాఖ కేంద్రం చేపల వేటకు వెళ్ళవద్దని మత్స్యకారులకు చెప్పే హెచ్చరికలు ఏడాదిలో ఎన్నోసార్లు వస్తాయి, వాటిలో ఏది నిజంగా పెనుగాలిగా మారుతుందో ముందే తెలియదు. అందుకే మామూలు రోజులన్నీ పట్టాలి.

ఏ ప్లేయర్ కొనాలన్న ప్రశ్నకు నా జవాబు పాతది కొనమని. కొత్తవాటిలో చాలావాటికి తెర పెద్దది, రేడియో లేదు. 2000ల్లో వచ్చిన ఐరివర్, కొవాన్, శాన్‌డిస్క్ శాన్సా వంటి ప్లేయర్లలో చాలావాటికి ఎఫ్‌ఎం రేడియో, దాన్ని రికార్డు చేసే వీలు రెండూ ఉండేవి. ఆపిల్ మాత్రం 2009లో ఐపాడ్ నానోలో రేడియో పెట్టినప్పుడు కూడా పదిహేను నిమిషాల వరకు వెనక్కి వెళ్ళి వినే ఏర్పాటు ఇచ్చింది కానీ దాచుకోనివ్వలేదు. ఫోన్లలోంచి ఎఫ్‌ఎం తీసేస్తున్నారని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే తయారీదారులకు ఎఫ్‌ఎం ఉంచండని సూచన పంపవలసి వచ్చింది. పాత బజారులో, ఇంట్లో సొరుగుల్లో మూలిగే ఆ చిన్న ప్లేయర్లే మనకు దిక్కు. రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించుకోగలిగితే ఇంకా మంచిది. అందులో ఒక గొప్ప సదుపాయం ఉంది. బొత్తాం నొక్కడానికి ముందు గడిచిన సెకన్లను కూడా, గరిష్ఠంగా ముప్ఫై వరకు, కలుపుకుని రికార్డు చేస్తుంది. మీరు తేరుకునేలోపు అనౌన్సరు చెప్పేసిన పేరు దక్కుతుంది.

ఇయర్‌ఫోను తీగే ఈ ప్లేయర్లకు యాంటెనా. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు, ఇయర్‌ఫోను తీగ అందుకు సరిపోతుంది. తీగ చుట్టేసి పెట్టకండి, అంతవరకే. బాగా అందుతుందని మేడమీదికో, ఊరి చివర గుట్ట మీదికో వెళ్ళమంటారు, వెళ్ళకండి. మీ ఇంట్లో, మీరు రోజూ వినే మూలలో, మీకు ఎలా వినపడుతుందో అలాగే పట్టండి. గరగర ఉంటే గరగరతోనే. ఆ ఊళ్ళో ఆ స్టేషను అలాగే వినపడేదన్నది కూడా ఒక నిజం. పక్క జిల్లా స్టేషను అప్పుడప్పుడు తోసుకువచ్చి కలిసిపోతే దాన్నీ ఉండనివ్వండి.

మీడియం వేవ్ వేరే కథ. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ 738, విశాఖ 927, కడప 900 అని తెలుగువాళ్ళు సూది తిప్పి వెతుక్కున్న అంకెలివి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి దక్కన్ రేడియోను 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి తీసుకుంది. ఈ అంకెల్లో దేన్నీ మీ జేబు ప్లేయర్ పట్టలేదు. 837 దగ్గర తరంగం పొడవు 358 మీటర్లు. దాన్ని పట్టడానికి ట్రాన్సిస్టరు లోపల ఫెర్రైట్ కడ్డీ కావాలి, అది వేలెడంత ప్లేయర్‌లో పట్టదు. అందుకని తెలిసినవాళ్ళు ట్రాన్సిస్టరు ఇయర్‌ఫోను రంధ్రం నుంచి ప్లేయర్‌కు కేబుల్ కలపమంటారు. శుభ్రంగా వస్తుంది. నేను మాత్రం కేబుల్ వద్దంటాను. ట్రాన్సిస్టరును ఎప్పుడూ ఉండే చోటే ఉంచి, ప్లేయర్‌కున్న చిన్న మైకుతో, రెండు మూరల దూరం నుంచి గదిలో వినపడేదంతా పట్టండి.

నా దగ్గర అలాంటి ఒక ఉదయం ఉంది. వంటింటి కిటికీలో ట్రాన్సిస్టరు, బియ్యం డబ్బా మీద ప్లేయర్. మొదట భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివాళ్ళు విజయవాడలో తీర్చిదిద్దిన కార్యక్రమం అది. కీర్తన మధ్యలో పోపులో ఆవాలు చిటపటలాడి పల్లవి సగం మింగేస్తాయి. "ఆ సౌండు కాస్త పెంచరా" అంటుంది అమ్మ. పెంచిన సంగతి రికార్డింగులో తెలుస్తుంది, గొంతు ఒక్కసారి ముందుకు వస్తుంది. అనౌన్సరు సమయం చెప్పగానే కుర్చీ జరిగిన చప్పుడు, గోడగడియారం తలుపు కిర్రుమనడం. నాన్న ముల్లు సరిచేసుకుంటున్నారు. తర్వాత వార్తలు. వార్తల్లో ఒక మంత్రి పేరు రాగానే నాయనమ్మ ఆయనతో నేరుగా వాదన పెట్టుకుంటుంది. కేబుల్ కలిపి ఉంటే నాకు దక్కేది కీర్తన ఒక్కటే. అది బజార్లో ఉంది. రేడియో విన్న ఇల్లు మాత్రం బజార్లో లేదు.

ఇంగ్లండులో ఇలాంటి పని ఎంతగా ఉపయోగపడిందో చెబుతాను. బీబీసీ తన 'డాక్టర్ హూ' ధారావాహికలో 1960ల నాటి భాగాలు చాలావాటిని టేపుల మీంచి చెరిపేసింది. బొమ్మ పోయింది. కానీ అలా పోయిన ప్రతి భాగానికీ శబ్దం ఇవాళ ఉంది. ఆ రోజుల్లో ఇళ్ళల్లో కూర్చున్న కుర్రాళ్ళు, కొందరు టీవీ ముందు మైకు పెట్టి, రికార్డు చేసుకోవడం వల్లే. అది టీవీ కదా అనకండి. ప్రసారం చేసినవాళ్ళు చెరిపేసినదాన్ని విన్నవాళ్ళు నిలబెట్టారన్నదే నాకు ముఖ్యం.

మైకుతో పట్టేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం మామూలు సలహాలతో ఏకీభవిస్తాను. దగ్గర్లో ఎల్‌ఈడీ బల్బూ, ఫోను చార్జరూ ఉంటే ఆపేయండి. మీడియం వేవ్ మీద అవి చేసే రొద మనిషి చప్పుడు కాదు, వాన చప్పుడు కాదు, దానికి ఏ జ్ఞాపకమూ అంటదు. ఉరుముకు ముందు వచ్చే చిటచిట మాత్రం ఉంచండి. రాత్రిపూట దూరపు కేంద్రాలనూ పట్టండి. సూర్యుడు పోయాక ఆకాశంలో తరంగాలను మింగే పొర పలచబడి మీడియం వేవ్ వందల మైళ్ళు పోతుంది. అనంతపురంలో కూర్చుని విశాఖను వినే ప్రయత్నం చేయండి. గొంతు పైకి లేచి, కిందికి జారి, ఏ తమిళ స్టేషనుతోనో పెనవేసుకుని వస్తుంది. పల్చబడిన ఆ గొంతును శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు జోలికి పోకండి. ఆ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అవి మూతపడ్డాక ఆ తీరున జారే గొంతును తిరిగి తయారు చేయలేం.

చిన్న స్టేషన్లకు పెద్ద పీట వేయండి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో 90.4 మీద వినిపిస్తుంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే స్టేషను. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ గొంతుల్లో జొన్నలు, సజ్జలు, విత్తనాల ముచ్చట్లు, పాటలు ఆ నేల మాటతీరులోనే వస్తాయి. ఆ స్టేషను పరిధి చిన్నది. హైదరాబాద్‌లో ఉండి పట్టలేరు. ఆ చుట్టుపక్కలకు పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు ప్లేయర్ జేబులో ఉండాలి, పెళ్ళిపందిరి పక్కన పట్టినా సరే. ఇలాంటి స్టేషనులో ఒక గంట, నగరపు స్టేషనులో నెల రోజుల కంటే బరువైనది.

పేర్లు పెట్టడం గురించి. రికార్డింగుకు కార్యక్రమం పేరు పెట్టకండి. 'మంచి నాటకం', 'వాన మీద పాట' అని పెట్టారో, ఆ గంటలో అదొక్కటే ఉన్నట్టు మీకే అనిపించడం మొదలవుతుంది. మిగతాదాన్ని ఎవరూ తిరిగి వెతకరు. తేదీ, సమయం, స్టేషను, మీరు ఉన్న ఊరు, ఇంతే. అది కూడా ఫైలు పేరును నమ్ముకోకండి. ఈ ప్లేయర్ల గడియారాలు బ్యాటరీ దిగగానే తప్పుతాయి, ఫైళ్ళకు వరస సంఖ్య మాత్రమే మిగులుతుంది. మైకుతో పట్టేటప్పుడు మొదలెట్టగానే మీ గొంతుతో తేదీ, ఊరు చెప్పండి. ఎఫ్‌ఎం రికార్డింగులో మీ గొంతు పడదు కాబట్టి అనౌన్సరు సమయం చెప్పే ఘడియకు ముందే మొదలెట్టి, ఆ సమయాన్నే ముద్రగా వాడుకోండి. తేదీ వార్తలే చెబుతాయి.

రికార్డు చేసింది వెంటనే వినకండి. మొదటి అర నిమిషం విని, అసలు పడిందో లేదో చూసుకుని ఆపేయండి. మర్నాడే వింటే చెరపాలనిపిస్తుంది. నిన్నటి ధరలు, నిన్నటి వాతావరణం, నిన్నటి మాటలు, అన్నీ వ్యర్థంగా తోస్తాయి. ఎకరానికి ఎంత యూరియా వేయాలో పాడిపంటలు కార్యక్రమంలో చెప్పిన శాస్త్రవేత్త ఊకదంపుడు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఏళ్ళు గడవనివ్వండి. ఆయన చెప్పిన వరి వంగడం ఇప్పుడు ఎవరూ వేయడం లేదని, ఆయన పలికిన మాటల్లో నాలుగు వాడుకలోంచి పోయాయని, ఉత్తరం రాసిన రైతు ఊరు ఇప్పుడు రిజర్వాయరులో ఉందని అప్పుడు తెలుస్తుంది. తొందరపడి విన్నవాళ్ళు దాచినదానికంటే చెరిపినదే ఎక్కువ. కొత్త రికార్డింగుకు చోటు లేకపోతే చెరపవలసింది పాటలను, రేడియోను కాదు.

చట్టం సంగతి అడిగేవాళ్ళకు. 1957 కాపీరైట్ చట్టంలో 37వ సెక్షను ప్రసార సంస్థలకు తమ ప్రసారాల మీద 25 ఏళ్ళ హక్కు ఇస్తుంది. 39వ సెక్షను, రికార్డు చేసినవాళ్ళు తమ సొంతానికి వాడుకోవడానికి చేసుకునే రికార్డింగును, నిజమైన బోధన, పరిశోధనల కోసం చేసేదాన్ని ఆ హక్కుకు భంగంగా లెక్కించదు. కాబట్టి పట్టడానికి భయపడకండి. అమ్మకండి, ఊరందరికీ పంచకండి.

ఆకాశవాణికి యాప్ ఉంది కదా, ఇదంతా ఎందుకంటారు కొందరు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రసారం వినవచ్చు, డాలస్‌లో ఉన్న మనవడు కూడా విజయవాడ వినగలడు, అది ఎంతో మంచి ఏర్పాటు. కానీ రేడియోలో ఉషశ్రీ రామాయణం చెప్పిన ఏ ఆదివారమో మీ వీధి అంతా అరుగుల మీద కూర్చుని విన్న మధ్యాహ్నాన్ని ఏ యాప్ వెనక్కి తేగలదు? ఆయన గొంతు రికార్డులుగా మిగిలింది. ఆ ప్రవచనానికి ముందూ వెనకా ఏం వచ్చిందో ఎక్కడో ఎవరి టేపులోనో ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇప్పటి ఆదివారాలకు ఆ గతి పట్టకుండా చూడడం మీ చేతిలో ఉంది. డాలస్ మనవడు ఏదైనా పంపమంటే పాటల మూట పంపకండి. మీ ఇంట్లో పట్టిన ఒక మామూలు పొద్దు వినిపించండి, మార్కెట్ యార్డులో మిర్చి ధర దగ్గర్నుంచి.

చివరగా ప్లేయర్ సంరక్షణ. రికార్డు అవుతుండగా బ్యాటరీ అయిపోతే చాలా ప్లేయర్లలో ఫైలు సరిగ్గా ముగియదు, కొన్నిసార్లు తెరుచుకోదు. అందుకని రోజంతా పట్టేటప్పుడు ఒకే ఫైలుగా కాకుండా రెండేసి గంటల ముక్కలుగా తెంచే అమరిక ఉంటే వాడండి. నేను తెంచవద్దన్నది ప్రసారాన్ని, ఫైలును కాదు. చార్జరు పెట్టి రికార్డు చేద్దామంటే కొన్ని ప్లేయర్లు యూఎస్‌బీ తగలగానే రేడియో ఆపేస్తాయి, ముందే పరీక్షించుకోండి. వేవ్‌లో తప్ప రికార్డు చేయని ప్లేయరైతే ప్రతి రాత్రీ కంప్యూటరులోకి దించి ఎంపీ3గా మార్చుకోవాలి, వేరే దారి లేదు. ప్లేయర్‌లోనే వదిలేయడం మాత్రం వద్దు. ఫ్లాష్ మెమరీని కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి సొరుగులో పడేస్తే అందులో ఉన్నది మెల్లగా చెడిపోవచ్చు, లిథియం బ్యాటరీ ఉబ్బవచ్చు. రెండు హార్డ్ డిస్కుల మీద కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో, తమ్ముడి ఇంట్లోనో కూతురి ఇంట్లోనో. నాలుగైదేళ్ళకోసారి కొత్త డిస్కు మీదికి మార్చండి. కూతురికి ఇచ్చేటప్పుడు ఇందులో పాటలేమీ లేవని ముందే చెప్పండి, ఖాళీ డిస్కనుకుని సినిమాలు నింపేయకుండా.